మా అత్తగారి ప్రార్థనలో వార్తలు

చంద్రుడి మీద మనవాళ్ళ బండి దిగిన సాయంత్రం మా ఇంట్లో గుత్తివంకాయ కూర చల్లారిపోయి నూనె పైకి తేలింది. తప్పు చంద్రుడిది కాదు, మా అత్తగారిది. బండి క్షేమంగా దిగిందని టీవీలో అందరూ చప్పట్లు కొట్టి, మిఠాయిలు పంచుకుని, ఇళ్ళకి వెళ్ళిపోయాక కూడా ఆవిడ కుటుంబ ప్రార్థనలో దాన్ని నడిపిస్తూనే ఉన్నారు.

"ప్రభువా, అక్కడ రోడ్లు లేవంట, అన్నీ గోతులేనంట. మా కొవ్వూరు బస్టాండు దగ్గర ఆటో తోలిన కుర్రాడెవడైనా ఉంటే ఆ గోతులు వాడికొక లెక్క కాదు. కానీ దాన్ని తోలేవాడు లేడంట తండ్రీ. నువ్వే చక్రం పట్టుకుని మెల్లగా నడిపించుము."

నాకు కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. పొద్దున్న బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి, ఒక ప్లీడరుగారి ఆఫీసులో రోజంతా టైపు చేసి, సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికొచ్చినదాన్ని నేను. చంద్రుడి మీద బండి ఎటు తిరిగితే నాకేంటి? కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, ఆమేన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మాది లూథరన్ కుటుంబం. రాత్రి భోజనానికి ముందు ప్రార్థన మా ఇంట్లో తప్పదు. అత్తగారు, మా ఆయన, నేను, ముగ్గురం చాప మీద కూర్చుంటాం. ఒక పాట, కాస్త వాక్యం, తర్వాత ప్రార్థన. పాటతో ఇబ్బంది లేదు, వాక్యంతోనూ లేదు. అసలు ఇబ్బంది ప్రార్థనతోనే. మా అత్తగారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. అప్పటినుంచి పొద్దున్నే పేపరు ముందేసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. సినిమాలు, రాజకీయాలు ప్రార్థనలో వదిలేస్తారు. అవి వింటే దేవుడికి కూడా విసుగొస్తుందని ఆవిడ అభిప్రాయం. మిగిలిన సైన్సు వార్తలు, కొత్త యంత్రాలు, కోర్టు తీర్పులు మాత్రం సాయంత్రానికి ఒక్కటీ మర్చిపోకుండా దేవుడికి అప్పజెప్పేస్తారు. ఆవిడ ప్రార్థనలో లోకం ముందు, ఇల్లు తర్వాత, మేం ముగ్గురం ఆఖర్న. ఆ ఆఖరు వచ్చేసరికి అన్నం మెతుకులు విడిపోయి చల్లగా ఉంటాయి.

"అత్తయ్యగారూ, ఆ పేపరు దేవుడు కూడా చదువుతాడు కదండీ" అన్నాను ఒకరోజు, ఉండబట్టలేక.

"చదువుతాడు. కానీ పేపరువాళ్ళు ఒకవైపే రాస్తారమ్మా" అన్నారు ఆవిడ.

నిజం చెప్పాలంటే, పైకి అలా చిరాకు పడేదాన్ని గానీ ఆవిడ వార్తలు నాకు చాలా ఇష్టం. మర్నాడు బస్సులో తల్చుకుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. పక్క సీటువాళ్ళు ఏమనుకునేవారో దేవుడికే తెలియాలి. అంగారకుడి మీద నీళ్ళున్న ఆనవాళ్ళు కనిపించాయని పేపర్లో పడిన రోజు ఆవిడ, "సంతోషం తండ్రీ. మా వీధి కుళాయిలో కూడా ప్రస్తుతానికి ఆనవాళ్ళే కనిపిస్తున్నాయి" అన్నారు. తాత వేసిన పొలం దావాలో మనవడు గెలిచాడని వచ్చినప్పుడు, "ప్రభువా, ఆ పొలంలో ఇప్పుడు ఇళ్ళు లేచాయంట. నీ తీర్పు ఎప్పుడో మాకు తెలియదు గానీ, అది మాత్రం వాయిదా పడదని నమ్ముచున్నాము. మా కోడలు పనిచేసే ఆఫీసు ప్లీడరుగారిని కూడా జ్ఞాపకం చేసుకొనుము" అన్నారు. ఏది అడిగినా జవాబు చెప్పే యంత్రం వచ్చిన కొత్తలో ఒకరోజైతే మరీ ఘోరం.

"దానికి తెలియదు అనే మాటే రాదంట తండ్రీ. తెలియకపోయినా ధైర్యంగా ఏదో ఒకటి చెప్పేస్తుందంట. అటువంటివారు ఈ ఇంట్లో ఒకరు ముందునుంచే ఉన్నారు, నీకు తెలియనిది కాదు."

మా ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఆయన ఒక కన్ను తెరిచి నావైపు చూశారు. నేను పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను.

పోలీసులమని చెప్పి వీడియో కాల్ చేసి, మిమ్మల్ని అరెస్టు చేశాం, ఫోను ముందునుంచి కదలొద్దు అని బెదిరించే దొంగల గురించి కూడా ఆవిడ చాలాసార్లు ప్రార్థించారు. చివరికి ఆ దొంగల్లో ఒకడు ఆవిడకే ఫోన్ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం. ఖాకీ చొక్కా, వెనకాల జెండా, అంతా సిద్ధం చేసుకునే ఉన్నాడు. ఈవిడ కళ్ళజోడు సర్దుకుని వాణ్ణి తేరిపార చూసి, "నాయనా, మొహం పీక్కుపోయింది, అన్నం తిన్నావా? మీ అమ్మ ఉందా? కళ్ళు మూసుకో, ప్రార్థన చేస్తాను" అని మొదలుపెట్టారు. వాడు కాసేపు ఏవో సెక్షన్లు చదివాడు. ఈవిడ ఆపితే కదా! ఇంకా వాడి చిన్నతనం దగ్గరే ఉండగా వాడే ఫోను పెట్టేశాడు. "పాపం, ఆమేన్ అనకుండానే వెళ్ళిపోయాడు" అని ఆవిడ నిజంగానే బాధపడ్డారు.

ఆమేన్ అంటే ఆవిడకి అంత పట్టింపు. మా ఇంట్లో అది చట్టం. ఎవరు ప్రార్థన చేసినా చివర్న ఆమేన్ అన్నవాడు అందులో ఉన్నదానికంతటికీ సంతకం పెట్టినట్టే. ఒకసారి ఆవిడ ప్రార్థన మధ్యలో, రాకెట్టుకీ బంగాళాఖాతంలో వాయుగుండానికీ నడుమ, "ఇకమీదట మా అబ్బాయి భోజనం దగ్గర ఫోను ముట్టడు తండ్రీ" అని ఒక ముక్క దూర్చారు. మా ఆయన అలవాటు కొద్దీ ఆమేన్ అనేశారు. మర్నాడు కంచం ముందు ఫోను తీయగానే ఆవిడ చెయ్యి చాచారు.

"ఆమేన్ అన్నావా, లేదా?"

"అమ్మా, అది ఏదో..."

నేను నా ఆఫీసు తెలివి బయటపెట్టాను. "అత్తయ్యగారూ, విషయం తెలియకుండా తీసుకున్న ఒప్పుకోలు చెల్లదండీ."

"ఇది మీ కోర్టు కాదమ్మా. కళ్ళు మూసుకున్నాడు గానీ చెవులు మూసుకోలేదుగా" అన్నారు ఆవిడ. ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టారు. అంతే, అప్పీలు లేదు. ఇప్పటికీ మా ఇంట్లో భోజనాల దగ్గర ఫోను కనిపించదు.

ఇలా సాగుతున్న ఇంట్లో, మొన్న వానాకాలం ఒక సాయంత్రం, ప్రార్థన మధ్యలో ఆవిడ ఆగిపోయారు.

ఆ రోజు వార్త నాకు బాగా గుర్తుంది. "ప్రభువా, ఫోనైనా ఫ్యానైనా పాడైతే పారేయకుండా బాగుచేయించుకునే హక్కు జనానికి ఉండాలంటున్నారంట. మంచి మాట తండ్రీ. పాతదైనంత మాత్రాన పారేస్తామా? మా మిక్సీనే చూడు..." అని, అక్కడ ఆగారు. మాకేం తోస్తుంది? కళ్ళు మూసుకుని ఉన్నాం. మిక్సీ గురించి ఏం అడగాలా అని ఆలోచిస్తున్నారనుకున్నాను. ఇంకాసేపు చూశాను. వంటింట్లోంచి రొయ్యల ఇగురు వాసన వస్తోంది. అమ్మయ్య, ఇవాళ త్వరగా ముగించారనుకుని గట్టిగా ఆమేన్ అన్నాను. మా ఆయన కూడా ఆమేన్ అన్నారు. కళ్ళు తెరిస్తే ఆవిడ గోడకి జారగిలబడి ఉన్నారు. మొహం పాలిపోయింది. నుదురు చల్లగా ఉంది.

మా ఆయన వీధిలోకి పరిగెత్తి ఆటో తెచ్చారు. ఆవిడ తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బ్రిడ్జి సగం దాటాక, గోదావరి గాలి మొహానికి తగిలిందో ఏమో, ఆవిడ కళ్ళు తెరిచి నీరసంగా అడిగారు.

"ఆమేన్ ఎవరన్నారు? నేనింకా ముగించలేదు."

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాను.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి చెప్పింది. గుండె కొట్టుకోవడానికి లోపల ఒక చిన్న కరెంటు ఉంటుందంట. ఆవిడకి అది సరిగ్గా అందడం లేదు. కొన్నిసార్లు గుండె మరీ నెమ్మదించిపోతోంది. పేస్‌మేకర్ పెట్టాలి, చిన్న ఆపరేషనే, భయం లేదు. పెట్టకపోతే మాత్రం ఈసారి కళ్ళు తిరిగినప్పుడు మళ్ళీ తెరుస్తారన్న నమ్మకం లేదు. ఈ చివరి మాట వరండాలోకి పిలిచి మా ఇద్దరితోనే చెప్పింది.

మా అత్తగారు వద్దన్నారు.

లోకంలో పుట్టిన ప్రతి యంత్రం కోసమూ ప్రార్థించిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి వద్దంటే వద్దన్నారు. మా ఆయన బతిమాలారు. నేను కోప్పడ్డాను. నాకు భయమేస్తే కోపమే వస్తుంది, ఏం చేయను? డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా అడిగింది.

"ఎందుకు వద్దంటున్నారమ్మా?"

"ఏం లేదమ్మా. దేవుడు పిలిచినప్పుడు నేను వెళ్ళాలి కదా. ఇది లోపల కూర్చుని, ఆవిడిప్పుడు రారండీ, బ్యాటరీ ఇంకా ఉందండీ అంటే?"

డాక్టరమ్మకి నవ్వాగలేదు. "అలా అడ్డం పడదండీ. గుండె నెమ్మదించినప్పుడు చిన్నగా తట్టి లేపుతుందంతే. పోయే ప్రాణాన్ని పట్టుకుని ఆపే శక్తి దానికి లేదు" అని చెప్పింది.

"నువ్వు అబద్ధం చెప్పవమ్మా. కానీ నువ్వు ఆయన్ని అడగలేదుగా" అన్నారు మా అత్తగారు.

డాక్టరమ్మ లేచింది. రేపటిలోగా చెప్పమని మాతో చెప్పి వెళ్ళిపోయింది.

మా ఆయన మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "కోప్పడకే అమ్మాయ్" అన్నారు. ఆ తర్వాత చెప్పారు. మా మావయ్యగారు పోయింది నా పెళ్ళికి ముందు. ఆఖరి రోజుల్లో ఆయన్ని గాజు తలుపుల గదిలో పెట్టారంట. ఒంటి నిండా గొట్టాలు, చుట్టూ యంత్రాలు. ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఈవిడ గాజు బయట నిలబడి ప్రార్థన చేసి, ఆమేన్ అన్నారంట.

"ఆయనకి వినపడలేదే. జీవితమంతా ఇద్దరం కలిసి ఆమేన్ అన్నాం. ఆ ఒక్కటీ నేనొక్కదాన్నే అన్నాను. నాకు యంత్రమంటే భయం కాదు. అది తీసుకెళ్ళి ఆ గాజు వెనకాల పెడుతుందేమోనని భయం."

ఇన్నాళ్ళూ రాకెట్లనీ కోర్టులనీ ఆవిడ ఎంత సరదాగా దేవుడికి చెప్పేవారు! ఈ ఒక్క వార్త మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. దిండు సరిచేసే వంకతో మొహం అటు తిప్పుకున్నాను.

సాయంత్రం ప్రార్థన వేళ అయింది. ఇంట్లో ఉన్నా ఆసుపత్రిలో ఉన్నా ఆ వేళ తప్పదు. మా ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆవిడ నావైపు చూశారు.

"ఇవాళ నువ్వు చెయ్యి. నాకు ఆయాసంగా ఉంది."

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచి ఎప్పుడూ పైకి ప్రార్థన చేయలేదు. నాకు రాదు, సిగ్గు. కానీ కాదనలేను. ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నాకు తెలిసిన ప్రార్థన ఒక్కటే, ఆవిడది. ఆ దారినే పోయాను.

"ప్రభువా, నాకు చేతకాదు, నీకు తెలుసు. ముందు వార్తలు. ఇవాళ పేపరు చదవడానికి కుదరలేదు. ఆసుపత్రి క్యాంటీన్లో ఇడ్లీ కట్టిచ్చిన కాగితంలో చూశాను. డ్రైవరు లేని కారు ఎక్కడో సిగ్నలు దగ్గర ఆగిపోయి, వెనకవాళ్ళు ఎంత హారన్ కొట్టినా కదల్లేదంట. దానికి కదిలే బుద్ధి దయచేయుము. తర్వాత మా వార్త. ఇది పేపర్లో పడలేదు తండ్రీ. కొవ్వూరులో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆవిడ కూడా ఆ కారులాగే ఒకచోట ఆగిపోయి, ఎవరెంత చెప్పినా కదలడం లేదు."

మా ఆయన దగ్గారు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"పాడైనదాన్ని బాగుచేయించుకునే హక్కు ఉండాలని మొన్న ఆవిడే నీకు చెప్పారు. పాతదైనంత మాత్రాన పారేస్తామా అని కూడా ఆవిడే అన్నారు. మిక్సీకొక న్యాయం, మనిషికొక న్యాయమా తండ్రీ? ఆవిడ భయం నాకు తెలిసింది. నీ ముందు మాటిస్తున్నాను. నువ్వు ఆవిణ్ణి పిలిచిన రోజున నేను గాజు బయట ఉండను. ఎవరు అడ్డొచ్చినా, ఎవరి కాళ్ళు పట్టుకోవాల్సొచ్చినా లోపలే ఉంటాను. ఇలాగే చెయ్యి పట్టుకుంటాను. ఆవిడకి వినపడేలా ప్రార్థన చేస్తాను. ఎంత పొడుగైనా చేస్తాను, వార్తలన్నీ చెప్తాను, ఒక్కటీ వదలను. కానీ ఇప్పుడే పిలవకు. ఆవిడ లేకపోతే ఆ ఇంట్లో నాకు వేళకి అన్నం దొరుకుతుంది. అలా వేళకి తినడం నాకు వద్దు ప్రభువా. నాకు ఆవిడ కావాలి. మా అత్తగారు ఆ మిషను పెట్టించుకుంటారు తండ్రీ. యేసు నామమున అడుగుచున్నాను."

నేను ఆమేన్ అనలేదు. అక్కడితో ఆపి ఎదురుచూశాను.

గదిలో చప్పుడు లేదు. మంచం పక్కన ఆవిడ గుండె చూపించే మిషను మాత్రం కూత పెడుతోంది. ఒక్కో కూతకీ మధ్య ఎంత ఎడమో! మళ్ళీ ఇంట్లో చాప మీద కూర్చున్నట్టే ఉంది. అదే నిశ్శబ్దం. కళ్ళు తెరవాలంటే భయమేసింది. నా చేతిలో ఆవిడ చెయ్యి కదలడం లేదు. ఏమండీ అని మా ఆయన్ని పిలుద్దామనుకుంటుండగా ఆ వేళ్ళు నా వేళ్ళని గట్టిగా నొక్కాయి.

"ఆమేన్" అన్నారు మా అత్తగారు.

మా ఆయన వెంటనే, "అమ్మా, తెలియకుండా ఒప్పుకుంటే చెల్లదంట. ఆలోచించి చెప్పు" అన్నారు. ఏ వేళకి ఏ మాట అనాలో తెలియని మనిషి! నేను గుడ్లురిమి చూశాను.

"తెలియకుండా కాదురా. మొత్తం విన్నాకే అన్నాను" అన్నారు ఆవిడ. తర్వాత నావైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ, "కారుతో పోలుస్తావా నన్ను? ప్లీడరు ఆఫీసులో పనిచేసేదానికి ప్రార్థన అప్పగించడం నా బుద్ధి తక్కువ" అన్నారు.

ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. ఎడమ చెయ్యి కొన్నాళ్ళు పైకి ఎత్తకూడదు. సెల్ ఫోను గుండె దగ్గర పెట్టుకోకూడదు. మా అత్తగారు అంతా విని, కొడుకు వైపు చూసి, "విన్నావా? ఫోను దూరంగా పెట్టమని ఇప్పుడు డాక్టర్లు కూడా చెప్తున్నారు" అన్నారు. బ్యాటరీ చాలా ఏళ్ళు వస్తుందని, కంపెనీవాళ్ళు గ్యారంటీ కూడా ఇస్తారని చెప్తే, "దానికి గ్యారంటీ, నాకు నమ్మకం. ఇద్దరం సర్దుకుంటాం" అన్నారు.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం మళ్ళీ ముగ్గురం ప్రార్థనకి చేరాం. ఆవిడకి కింద కూర్చోవడం కష్టమని కుర్చీ వేశాం. పాట అయింది, వాక్యం అయింది. ప్రార్థన ఆవిడే మొదలుపెట్టారు. సముద్రం అడుగున వేసిన కేబుల్ ఎక్కడో తెగిందంట, దాన్ని అతికించమన్నారు. చెరువుని ఆక్రమించి కట్టిన మేడని కూల్చమని కోర్టు చెప్పిందంట, ఆ చెరువులో చేపలకి ఇప్పటికైనా సమన్లు అందితే బాగుండునన్నారు. అలా చెప్తూ చెప్తూ మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

నా కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. ఆవిడ జాకెట్టు దగ్గర చీర మడత పైకీ కిందికీ కదులుతోందా లేదా అని చూశాను. కదులుతోంది. అప్పుడు నెమ్మదిగా ఊపిరి వదిలాను. కానీ మళ్ళీ కళ్ళు మూసుకోవడానికి ధైర్యం చాల్లేదు. అలా చూస్తూనే కూర్చున్నాను.

ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. గొంతు మాత్రం తగ్గింది.

"ఇంకొక్క వార్త తండ్రీ. ఈ ఇంట్లో ఒకామె ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తెరిచి ముసలిదాని ఊపిరి చూస్తోంది. అది పద్ధతి కాదు, నాకు తెలుసు. అయినా ఆమెని ఏమీ అనకుము. చూడనిమ్ము."

మా ఆయన ఆమేన్ అన్నారు. నేను ఆమేన్ అనడానికి కాస్త ఆలస్యమైంది. ఆ రోజు కూర బీరకాయ. చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేయలేదు, అలాగే తిన్నాం.